తెగులు, సంఘం, ఆదరణ: ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంతంలో మహమ్మారి కాలపు క్రైస్తవ విశ్వాసం

1. ప్రస్తావన

మహమ్మారి కాలంలో క్రైస్తవ సమాజాన్ని నిలబెట్టేది బోధ మాత్రమేనా, ఒకరి ఆకలిని మరొకరు పట్టించుకొనే ఆచరణ కూడానా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం తగిన క్షేత్రం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగం. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోనిదే. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపించే ఈ నేల పత్తికి ఎంత పేరు పొందిందో కరువుకూ అంత పేరు పొందింది. తెలుగు క్రైస్తవుల మతభాషలోని తెగులు, సంఘం, ఆదరణ అనే మూడు మాటల ఆధారంగా ఇక్కడి అనుభవాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తెగులు

లండన్ మిషనరీ సొసైటీ పక్షాన జాన్ హాండ్స్ 1810లో బళ్లారి చేరాడు. అయితే తెలుగు పల్లెల్లోని మాల, మాదిగ వాడల్లో క్రైస్తవ సంఘాలు విస్తరించింది ప్రధానంగా ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో. 1876–78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. ఆకలికి కలరా తోడైంది. 1871, 1881 జనగణనల నడుమ కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గడం ఆ విపత్తు తీవ్రతకు సాక్ష్యం.

కరువు కాలపు మతాంతరీకరణను గంజి కోసం జరిగిన మార్పుగా తేల్చివేయడం పరిపాటి. ఒంగోలు అనుభవం ఈ నిర్ధారణను ప్రశ్నిస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కరువు పని నడిపినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువుకూ విశ్వాసానికీ సంబంధం లేకపోలేదు; అది కేవలం ఇచ్చిపుచ్చుకొనే బేరం మాత్రం కాదు.

ప్రాణాంతకమైన అంటువ్యాధికి తెలుగు బైబిలు వాడిన మాట ‘తెగులు’. పైరుకు తెగులు సోకడం కళ్లారా చూసిన రైతుకూ కూలీకీ ఆ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. ‘మహమ్మారి’ శబ్దం మారెమ్మ వంటి గ్రామదేవతలను స్ఫురింపజేస్తే, ‘తెగులు’ వ్యాధిని పంటచేను ఆపదతో జతచేస్తుంది. బైబిలులోనూ తెగులు దైవశిక్షగా కనిపించే ఘట్టాలు లేకపోలేదు. అయితే ఈ రెండు మాటల మధ్య ఉన్న అంతరం సామాజికమైనది కూడా. కలరా వస్తే ఊరు అమ్మవారికి జాతర చేసేది. అందులో తప్పెట కొట్టడం మాదిగలకు కులవిధి. క్రైస్తవులైన మాదిగలు తప్పెట ముట్టకపోతే ఊరి కీడుకు వారే కారణమన్న నింద వచ్చేది. అందువల్ల తొలితరానికి విశ్వాసం మనసులోని ఓదార్పు మాత్రమే కాలేదు. ఊరి కోపాన్ని భరించవలసిన నిర్ణయం కూడా అయింది.

3. సంఘం

గ్రీకు ‘ఎక్లేసియా’కు తెలుగులో స్థిరపడిన మాట ‘సంఘం’. కూడిక దాని ప్రాణం. అంటువ్యాధి దెబ్బతీసేది సరిగ్గా ఆ కూడికనే. 1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు శతాబ్ది ముగిసేలోగా బళ్లారి జిల్లాకు పాకింది. బొంబాయి–మద్రాసు రైలుమార్గం మీది ఆదోనికి పత్తి వ్యాపారం తెచ్చిన రాకపోకలే భయానికీ కారణమయ్యాయి. ప్లేగు వస్తే ఇళ్లు విడిచి ఊరి బయట గుడిసెల్లో ఉండడమే ఆనాటి జాగ్రత్త. 1918 ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 12న ఈస్టరు మూసిన తలుపుల వెనుకనే జరిగింది. ప్రార్థనాస్థలాలు తెరిచేందుకు జూన్ 8 నుంచి అనుమతి లభించింది. ఈ వ్యవధిలో తెలుగు సంఘాలు ఆరాధనను ఫోనులోకి, యూట్యూబులోకి మార్చుకొన్నాయి. స్మార్ట్‌ఫోను లేని ఇంటికి ఆ ఆరాధన అందలేదు. ప్రభు సంస్కారపు రొట్టె, పాత్ర చాలామందికి అందలేదు.

ఈ కాలంలో విస్తృతంగా చదువబడిన 91వ కీర్తన రెండు రకాల అన్వయాలకు దారితీసింది. తెగులు విశ్వాసి దరికి రాదనే అభయంగా దానిని గ్రహించి, కూడిక మానడం అవిశ్వాసమని భావించినవారు ఉన్నారు. అయితే మత్తయి సువార్తలో సాతాను యేసును దేవాలయ శిఖరం నుంచి దూకమని ప్రేరేపిస్తూ ఉదాహరించింది ఈ కీర్తననే. యేసు దానిని దేవుణ్ణి శోధించడంగా తోసిపుచ్చాడు. 1527లో విట్టెన్‌బర్గులో ప్లేగు చెలరేగినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు విడువక రోగులను చూసుకొన్నాడు. ఔషధాన్ని నిరాకరించడం దేవుణ్ణి శోధించడమేనని రాసినదీ ఆయనే. ఈ సంప్రదాయం ప్రకారం దూరం పాటించడం విశ్వాసలోపం కాదు; పొరుగువానిపట్ల బాధ్యత.

4. ఆదరణ

యోహాను సువార్తలోని ‘పారక్లేతోస్’ తెలుగు బైబిలులో ‘ఆదరణకర్త’ అయ్యాడు. ఓదార్పు మాటలతో ముగియవచ్చు. ఆదరణ అలా ముగియదు. ఇంటికి వచ్చినవారికి అన్నం పెట్టడమూ, దిక్కులేనివారిని చేరదీయడమూ తెలుగులో ఆదరణే. అనువాదకులు ఎంచుకొన్న ఈ పదం ధైర్యవచనాన్నీ పోషణనూ ఒక్కచోట చేర్చింది.

లాక్‌డౌన్ ఈ పదానికి పరీక్ష పెట్టింది. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పరిసరాల కూలీలు ఏటా సుగ్గికి గుంటూరు ప్రాంతానికి, మిరప కోతలకు వలసపోతారు. 2020 మార్చిలో ఇంటికి తిరిగివచ్చే దారి లేక అనేకులు అక్కడే చిక్కుకొన్నారు. కూలి డబ్బు ఆగినచోట కానుక కూడా ఆగింది. కానుకలపైనే బతికే స్వతంత్ర సంఘాల పాస్టర్లు సంఘస్థులతో పాటే ఇబ్బంది పడ్డారు. ఆదరించవలసినవాడికే ఆదరణ అవసరమైన స్థితి అది. 2020 మేలో రాష్ట్ర ప్రభుత్వం అర్చకులు, ఇమాములు, మౌజన్లతో పాటు పాస్టర్లకూ ఒక్కసారి 5,000 రూపాయల సాయం అందించింది.

మరింత కఠినమైన పరీక్ష మరణం. అంత్యక్రియలకు 20 మందిని మించి రాకూడదన్న నిబంధన వల్ల వాడంతా కదిలివచ్చే సమాధి కార్యక్రమం కొద్దిమందికి పరిమితమైంది. చెన్నైలో కొవిడ్‌తో మరణించిన క్రైస్తవ వైద్యుని ఖననాన్ని జనం అడ్డుకోవడం 2020 ఏప్రిల్‌లో దేశమంతా చూసింది. పునరుత్థాన నిరీక్షణను సమాధి దగ్గర సామూహికంగా ప్రకటించే సమాజానికి ఈ నిశ్శబ్దమే అతి పెద్ద లోటు.

5. ముగింపు

ధాత కరువు నుంచి కొవిడ్ వరకు కనిపించే సూత్రం ఒకటి: తెగులు కూడికను ఆపగలిగింది గాని, సంఘాన్ని ఆపలేకపోయింది, ఆదరణ కొరవడినచోట మాత్రం సంఘం పేరుకే మిగులుతుంది. స్వస్థత వాగ్దానాలు ఎంత ఘనంగా వినిపించాయన్నది మహమ్మారి కాలపు విశ్వాసానికి కొలమానం కాజాలదు. సుగ్గి నుంచి తిరిగిరాని కూలీ ఇంట్లో పొయ్యి వెలిగిందా, కానుక రాని పాస్టరును ఎవరైనా పలకరించారా, వాడ రాలేని సమాధి దగ్గర ఒక ప్రార్థన వినిపించిందా అన్న ప్రశ్నలే అసలైన కొలమానాలు. ‘ఆదరణ’ అనే తెలుగు మాట ఈ ప్రశ్నలన్నింటినీ తనలోనే దాచుకొన్నది.