మగ్గపుగుంట నుండి గట్టెక్కునపుడు

గద్వాల పట్టణమున సందెవేళ నేతవాని యింటిలోనికి తొంగిచూచినవారికి ఒక చిన్న దృశ్యము కానవచ్చును. ప్రొద్దుటినుండి కాళ్లు గుంటలోనికి వ్రేలవేసి, గట్టుమీద గూర్చుండి, నాడెను ఈ చేతినుండి ఆ చేతికి పోనిచ్చుచు, పడుగుపేకల లెక్కయందే చూపు నిలిపియున్న ఆ మనుష్యుడు పని చాలించి లేచునపుడు చివాలున లేవడు. మొదట కాళ్లను మెల్లగా పైకి దీసికొనును. గట్టుపై చతికిలబడి, తల వంచి, నాలుగైదు నిట్టూర్పులు విడుచును. పిదప మగ్గపు గుంజను చేతబట్టి, అప్పుడు నిలుచుండును. చూచువారికి అది అలసట వలె దోచును. నిజమునకది అనుభవము నేర్పిన జాగ్రత్త.

అట్లాగక లేచినవాని కన్నులముందు ఒక్క క్షణము లోకమంతయు మసకబారును. చెవులలో హోరు పుట్టును. కాళ్లక్రింది నేల జారినట్లగును. దానినే ఈ సీమవారు ‘కండ్లు తిరుగుతున్నయి’ అందురు. ‘కండ్లకు చీకట్లొచ్చినయి’ అందురు. అది ముదిరి మనిషి నేలగూలినచో ‘సోయి తప్పిండు’ అందురు. తీరాంధ్రమున ‘కళ్లు బైర్లు కమ్మినవి’ అను మాట దీనికే చెల్లును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల కోటలకును గుడులకును సంస్థానములకును చరిత్రలు కలవు. ఆ కోటలకు రాళ్లెత్తిన నడుములకును, ఆ రాజులు కట్టిన వస్త్రములు నేసిన కాళ్లకును గూడ ఒక చరిత్ర కలదు. ఈ క్షణకాలపు చీకటి అందొక పుట.

కృష్ణాతుంగభద్రల నడుమనున్న గద్వాల సీమకు నడిగడ్డ యని పేరు. పదునేడవ శతాబ్దపు ఉత్తరార్ధమున సోమనాద్రి యని ప్రసిద్ధి గాంచిన పెదసోమభూపాలుడు ఇచట కోట కట్టించి సంస్థానమును పాదుకొలిపెను. తరువాతి కాలమున నిజాము రాజ్యమునందు కప్పము చెల్లించుచు తమ సీమలను తామే పాలించుకొనిన సంస్థానములలో గద్వాల, వనపర్తి, జటప్రోలు పేరెన్నికగన్నవి. కవిపండితులకు చేసిన సత్కారములచే ‘విద్వద్గద్వాల’ యని కొనియాడబడిన ఈ పట్టణము నేతపనివారిని గూడ అంతే ఆదరముతో నిలుపుకొన్నది. 1924 నుండి సంస్థానము విలీనమగువఱకు ఏలిన రాణి ఆదిలక్ష్మీదేవమ్మ నేతగాండ్రను కాశికి పంపి జరీపనిలో మెలకువలు నేర్పించెనని గద్వాలలో నేటికిని చెప్పుకొందురు. నూలుతో ఒడలును, పట్టుతో అంచును కొంగును వేఱువేఱు పేకలతో నేయుచు, రెండును కలియుచోట పోగునకు పోగు మెలివేసి బిగించు కుప్పడపు పనియే గద్వాల చీరకు ప్రాణము. తిరుమల శ్రీవేంకటేశ్వరునకు బ్రహ్మోత్సవములకు ముందు గద్వాల సంస్థానము పక్షమున ఏటేట సమర్పింపబడు ఏరువాడ జోడుపంచెలును ఇచటి మగ్గములమీదనే అవతరించును. పదునొకండు గజముల పొడవును, రెండు గజములకు మించిన వెడల్పును గల ఆ పంచెలను నేతగాండ్రు 41 దినముల దీక్షబూని నేయుదురు.

ఇంతటి పనికి ఆధారము నేలలో త్రవ్విన ఒక గుంట. గుంటలోని చల్లదనమును తేమయు పోగు తెగకుండ కాపాడును. తొక్కుడు చెక్కలకు చోటిచ్చును. మనిషిని నేలమట్టమున గూర్చుండబెట్టి పడుగును అతని చేతికందునంత దిగువకు తెచ్చును. వస్త్రమునకు సుఖమైన ఈ యమరిక దేహమునకు మాత్రము ఒక పరీక్ష పెట్టును. మనిషి లేచి నిలుచున్నంతనే అర లీటరు మొదలు ముప్పావు లీటరు వఱకు రక్తము తన బరువుచేతనే పొట్టలోనికిని కాళ్లలోనికిని దిగిపోవును. గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గును. అది తలకెక్కించు రక్తమును తగ్గును. నేయుచున్నంతసేపు తొక్కుడు చెక్కలమీద ఆడుచుండు పాదములు పిక్కల కండరములను బిగించుచు వదలుచు రక్తమును పైకి నెట్టుచుండును గనుక కీడు లేదు. ఆట ఆగి, వేసవి చెమటచే ఒడలిలోని నీరు తఱిగి, మధ్యాహ్నపు భోజనము చాలక, హఠాత్తుగా గట్టెక్కినపుడే కీడు మూడును.

మన పూర్వులు దీనిని గుర్తింపకపోలేదు. చరకసంహిత సూత్రస్థానమున 24వ అధ్యాయమైన విధిశోణితీయము రక్తము యొక్క శుద్ధిని, దోషమును వివరించి, ఆ వెంటనే మదమూర్ఛాసన్న్యాసములను, అనగా తెలివి తప్పుటలోని మూడు అంతస్తులను, చెప్పినది. మూర్ఛ రానున్నవానికి ఆకాశము నల్లగానో, ఎఱ్ఱగానో, పచ్చగానో, మబ్బు కమ్మినట్లుగానో కనబడుననియు, పిదప వాడు చీకటిలో ప్రవేశించుననియు అందు గలదు. సొమ్మసిల్లుటను మనస్సునకో గ్రహములకో విడిచిపెట్టక రక్తమును గూర్చిన ప్రకరణమునందే చేర్చిన ఆ దృష్టి ఆశ్చర్యకరమైనది. కొలత మాత్రము తరువాతి కాలమువారి వంతైనది. 1733లో స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్ల మతాచార్యుడు ఒక ఆడుగుఱ్ఱపు ధమనికి గాజుగొట్టము తగిలించి, రక్తము ఎనిమిదడుగులకు పైగా ఎగబ్రాకుట లోకమునకు చూపెను. 1896లో ఇటలీ దేశస్థుడైన రీవా రోచీ చేతికి చుట్టు పట్టీని కనుగొనెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ ఆ పట్టీ క్రింద నాడి చప్పుడును వినుట నేర్పెను. 1925లో బ్రాడ్‌బరీ, ఎగుల్‌స్టన్ అను ఇరువురు అమెరికా వైద్యులు లేచి నిలువగానే రక్తపోటు పడిపోవు రోగులను వర్ణించి ఆ వ్యాధికొక పేరు పెట్టిరి. లేచిన మూడు నిమిషములలో పై పోటు 20 మిల్లీమీటర్లు గాని, క్రింది పోటు 10 మిల్లీమీటర్లు గాని పడిపోవుట దాని లక్షణమని 1996లో నిపుణులు నిర్ణయించిరి.

అట్లయిన, దినమునకు నూఱుమార్లు లేచు మనకు నూఱుమార్లును కండ్లు తిరుగవేల? దీనికి సమాధానము వనపర్తివారికి కన్నులయెదుటనే కలదు. 1949లో పునాదిపడి 1959లో పూర్తియైన సరళాసాగర్ జలాశయమున నీరు నిండుమట్టమును తాకినంతనే, తలుపులెత్తు మనిషి అక్కఱలేకయే, సైఫనులు తమంతట తాము మేల్కొని నీటిని వెలికి లాగివేయును. మట్టము తగ్గినంతనే తమంతట తామే ఊరకుండును. మన మెడలోని ధమనులు చీలుచోటను, గుండె నుండి వెడలు బృహద్ధమని వంపునందును ఇట్టి స్వయంచాలకులైన కావలివారు కలరు. రక్తపోటు తగ్గినదని తెలిసిన మఱుక్షణమే గుండెను వేగిరపఱచి, కాలినాళములను బిగించి, తలకు రక్తము నందింతురు. 1920 దశకమున జర్మనీలోని హెరింగ్ మెడలోని ఈ కావలిని వివరించెను. ఆ స్థానములు శ్వాసను గూడ శాసించు తీరును వెల్లడించిన బెల్జియము శాస్త్రజ్ఞుడు హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. జలాశయమున నీరే లేనపుడు సైఫను ఏమి చేయగలదు? ఒడలిలో నీరు, ఉప్పు, నెత్తురు చాలనపుడు ఈ కావలివారును అంతే.

ఆ చాలమియే ఈ సీమ చరిత్ర. ధాత సంవత్సరమున, అనగా 1876లో మొదలైన మహాక్షామమును పెద్దలు ‘ధాత కరువు’ అని తరతరములు తలచుకొనిరి. అలంపురమునకు ఎదుట తుంగభద్ర కావలి యొడ్డుననున్న కర్నూలు సీమలో కరువుపనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను, అనగా అరకిలోకు తక్కువైన ధాన్యమును ఒక అణాయు చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ అను దొర నిర్ణయించెను. మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ ఆ కూలి మనిషిని బ్రతికింపదని ఎదిరించి పోరాడగా, కొన్ని నెలలకు అది కొంత పెరిగెను. ఆ తిండితో రాళ్లు కొట్టి మట్టి మోసినవారు వంగిన నడుము ఎత్తునపుడు ఏమైయుందురో ఊహింప నవసరము లేదు. 1944, 45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున యాన్సెల్ కీస్ అను శాస్త్రవేత్త, తమంతట ముందుకు వచ్చిన 36 మంది యువకులకు ఆఱు నెలలు సగము తిండి పెట్టి పరీక్షించినపుడు, ఆ దృఢకాయులు సైతము లేచి నిలువబోయి కండ్లు తిరుగుటను, చీకట్లు కమ్ముటను చెప్పుకొనిరి. ధాత కరువు కూలీలపై ఎవ్వరును కోరకయే ఆ పరీక్ష జరిగినది.

కరువు తీరినను వలస తీరలేదు. కందనూలు అని జనులు పిలుచు నాగర్‌కర్నూలు మొదలుకొని నడిగడ్డ వఱకు వ్యాపించిన ఈ భూమి రెండు మహానదుల చెంతనే యుండియు చిరకాలము బీడువోయినది. అందుచే పాలమూరు జిల్లాగా పేరుబడిన ఈ సీమ కూలీలకు చెల్లిన ‘పాలమూరు లేబరు’ అను మాట దేశమంతట మాఱుమ్రోగెను. గుంపుమేస్త్రి ఇచ్చిన బయానా పుచ్చుకొని, ఆలుబిడ్డలతో లారీ యెక్కి, తమ పొలములకు రాని నీటిని పరుల పొలములకు మళ్లించుటకై ఆనకట్టల కడకును కాలువల కడకును తరలిపోయిరి. ఆ పనిలోని ప్రతి కదలికయు వంగి లేచుటయే. పారతో మట్టి నింపుటకు వంగవలెను. తట్ట తలకెత్తుకొనుటకు లేవవలెను. నలుబది డిగ్రీలు దాటిన యెండలో, నెత్తిన తట్టతో, గొంతుకూర్చున్న స్థితినుండి ఒక్క ఉదుటున లేచు స్త్రీకి కండ్లు తిరిగినచో తట్ట యొక్కటే పడదు. నేడు జూరాల మొదలగు ప్రాజెక్టుల నీరు వచ్చినచోట్ల అదే నడుము వరినాట్లకు వంగుచున్నది. గంటలకొలది బురదలో వంగియుండి, మడి చివర గెనెము చేరి, నడుము నిమురుకొనుచు, చేతులు పైకెత్తి ఒళ్లు విరుచుకొను క్షణముననే చాలమందికి ఈ చీకటి కమ్మును. ఊపిరి బిగబట్టి, మెడ వెనుకకు వాల్చి ఒళ్లు విరుచుకొనునపుడు రొమ్ములోని ఒత్తిడి పెరిగి గుండెకు మరలివచ్చు రక్తము ఇంకను తగ్గుటయే దానికి కారణము.

ఇట్టి చోట గ్రామీణులు గాలి సోకినదనిరి, దిష్టి తగిలినదనిరి, నిమ్మకాయ తిప్పి పాఱవైచిరి. కాని అదే పల్లెలు, కారణము చెప్పలేకయే, మందును గూడ కనిపెట్టినవి. తెల్లవాఱుజామున పనికి పోవుటకు ముందు ముంతెడు జొన్న అంబలి, అందులో ఉప్పుకల్లు, ప్రక్కన ఉల్లిగడ్డ. ఎండ ముదిరినపుడు పలుచని చల్ల. సొమ్మసిల్లినవానిని చెట్టునీడ వెల్లకిల పండుకొనబెట్టి, కాళ్లు ఎత్తిపట్టి, ముఖమున నీళ్లు చల్లుట: ఇవి చాలవఱకు ఒడలికి నీటిని ఉప్పును, తలకు నెత్తురును మరల సమకూర్చు ఉపాయములే. కొందఱు తెలియక పడినవానిని లేపి గోడకానించి కూర్చుండబెట్టుదురు, అది తగదు. తల దిగువనున్నపుడే దానికి రక్తము సులభముగా అందును. పడిపోవుట దేహము తనకు తాను చేసికొను చికిత్స యనియు చెప్పవచ్చును. మనము చేయవలసినదెల్ల ఆ చికిత్సకు అడ్డుపడకుండుటయే.

కాలము మాఱినది. మగ్గములు తగ్గినవి, నేతగాని కుమారుడు పట్టణమున కుర్చీలో పనిచేయుచున్నాడు. కండ్లు తిరుగుట మాత్రము వానిని విడువలేదు. రక్తపోటు మాత్రలు మ్రింగు వృద్ధులలోను, చిరకాలము చక్కెరవ్యాధితో నరములు సడలినవారిలోను, రక్తహీనతచే పాలిపోయిన స్త్రీలలోను అది క్రొత్త రూపమున కనబడుచున్నది. వృద్ధులలో ఇది మఱింత కఠినమైనది. రాత్రివేళ మంచము దిగి పడి తుంటియెముక విఱిగినచో ఆ మనిషి మరల నడచుట దుర్లభము. అయినను పరీక్ష అతి సులభము. ఒకసారి పండుకొనియుండగా, మరల లేచి నిలిచిన మూడు నిమిషములలో రక్తపోటు చూచినచో సత్యము తెలియును. చాలచోట్ల రోగిని కూర్చుండబెట్టి ఒక్కసారి మాత్రమే చూచి పంపివేయుదురు. కావున నిలుచుండగా గూడ చూడుమని అడుగుట రోగి హక్కు. వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి గనుక ఇట్లడుగుటకై హైదరాబాదు దాక పోవలసిన కాలము గడచినది.

చదువరులకు నా మనవి యింతే. ఉదయమున మంచముమీద కన్ను తెఱవగానే దిగ్గున లేవక, ప్రక్కకు ఒత్తిగిలి, కూర్చుండి, పాదములను నాలుగైదుమార్లు ఆడించి, అప్పుడు లేవుడు. కన్ను మసకబారినచో సిగ్గుపడక అచ్చటనే కూర్చుండుడు. మాటిమాటికి వచ్చుచున్నను, గుండెదడతోనో ఛాతినొప్పితోనో కూడి వచ్చినను, నిజముగా సోయి తప్పినను వైద్యుని చూడుడు. మాత్రలను మీయంతట మీరు మానకుడు. పని చేయించువారికి మఱియొక మాట: ఎండలో మట్టి మోయువారికి త్రాగునీరును, నీడను, నడుమనడుమ విరామమును ఏర్పఱచుట దయ కాదు, బాకీ. నూఱేండ్లకు పైగా ఈ సీమ నడుములు వంగి లేచుచు ఇతరులకు వస్త్రమును, నీటిని, అన్నమును ఇచ్చినవి. ఆ నడుము ఎత్తిన మనుష్యుడు నిలుచుండగలుగునట్లు చూచుట మన వంతు.