తలకు దెబ్బ, కాలికి గాయం: కంకషన్ నిర్వచన చరిత్రలో ‘తాత్కాలికం’

1. ఉపోద్ఘాతం

ఆటలో తలకు బలమైన దెబ్బ తగిలిన క్రీడాకారుడు కొన్ని రోజులు విశ్రాంతి తీసుకుంటాడు. తలనొప్పి, తలతిరుగుడు తగ్గాక వైద్యుని అనుమతితో మళ్లీ మైదానంలోకి దిగుతాడు. కొన్ని నెలల తర్వాత అతని చీలమండ బెణుకుతుంది, లేదా తొడ కండరం చీలుతుంది. ఈ రెండు ఘటనలకు సంబంధం ఉండవచ్చునన్న అభిప్రాయం 2010ల వరకు వైద్యరంగంలో బలపడలేదు. కంకషన్‌ను, అంటే పుర్రె పగలకుండానే మెదడు కుదుపుకు లోనయ్యే స్థితిని, వైద్యులు గుర్తించి మాత్రం వెయ్యేళ్లు దాటింది. ఈ ఆలస్యానికి మూలం ఆ రుగ్మతను నిర్వచించిన తీరులోనే కనిపిస్తుంది.

2. నిర్వచన పరిణామం

10వ శతాబ్ది తొలినాళ్ల పారశీక వైద్యుడు అల్ రాజీ కంకషన్‌ను తీవ్రమైన మెదడు గాయాల నుంచి వేరుచేసి చూశాడు. 13వ శతాబ్ది చివర మిలాన్‌కు చెందిన శస్త్రవైద్యుడు లాన్‌ఫ్రాంక్, కుదుపు వల్ల మెదడు పని కొంతసేపు స్తంభించి తిరిగి కోలుకుంటుందని వివరించాడు. 1966లో అమెరికా నాడీ శస్త్రవైద్యుల సంఘం రూపొందించిన నిర్వచనం కూడా ఇదే దారిలో సాగింది. స్పృహ, చూపు, శరీర సమతుల్యతలలో వెంటనే ఏర్పడి తాత్కాలికంగా ఉండే లోపమే కంకషన్ అని అది పేర్కొంది. సమతుల్యతకు అందులో చోటు దక్కినా, ‘తాత్కాలికం’ అన్న విశేషణం ఆ తర్వాతి కాలాన్ని పరిశీలన పరిధి నుంచి తప్పించింది.

దీనికి భిన్నమైన సూచన 1928లోనే వెలువడింది. న్యూజెర్సీకి చెందిన వైద్యుడు హారిసన్ మార్ట్‌లండ్ ముష్టియోధులను పరిశీలించి, నడకలో ఒక పాదం అప్పుడప్పుడు అదుపు తప్పడాన్ని తొలి లక్షణాలలో ఒకటిగా నమోదు చేశాడు. అయితే దానిని ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నవారి వ్యాధిగా భావించారే తప్ప, ఒక్క కంకషన్ తర్వాతి స్థితికి అన్వయించలేదు.

3. రెండు వేర్వేరు నమోదులు

1990లలో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు, కంకషన్‌కు గురైన క్రీడాకారుల నిలకడ మూడు నుంచి ఐదు రోజుల్లో మామూలు స్థితికి వస్తుందని గమనించారు. 2000లలో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జరిగిన నడక పరీక్షలు మరో విషయాన్ని బయటపెట్టాయి. నడుస్తూ మనసులో మరో పని చేయమన్నప్పుడు, నాలుగు వారాల తర్వాత కూడా నడకలో తేడా కనిపించింది. కదలకుండా నిలబెట్టి చేసే పరీక్షకు దొరకని లోపమది. మైదానంలో ఆటగాడు బంతిని, ప్రత్యర్థిని, తన అడుగును ఒకేసారి గమనించుకోవాలి.

2001లో క్రీడా కంకషన్‌పై తొలి అంతర్జాతీయ సదస్సు వియన్నాలో జరిగింది. అదే ఏడాది యాన్ ఎక్‌స్ట్రాండ్ నేతృత్వంలో ఐరోపా ఫుట్‌బాల్ క్లబ్బుల గాయాల నమోదు మొదలైంది. ఒకటి తల గురించి, మరొకటి ప్రధానంగా కాళ్ల గురించి. ఈ రెండు ధారలు కలవడానికి పదమూడేళ్లు పట్టింది.

4. 2014 తర్వాత

ఎక్‌స్ట్రాండ్ నమోదుల ఆధారంగా స్వీడన్ పరిశోధకులు 2014లో ప్రకటించిన అధ్యయనం ఆ కలయికకు నాంది. ఇతర గాయాలైన ఆటగాళ్లతో పోలిస్తే, కంకషన్ పొందినవారికి మళ్లీ గాయపడే ప్రమాదం తొలి మూడు నెలల్లో 1.56 రెట్లు, ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య 4.07 రెట్లు ఉన్నట్లు తేలింది. కాలం గడిచేకొద్దీ తగ్గాల్సిన ప్రమాదం పెరగడం ‘తాత్కాలికం’ అన్న భావననే ప్రశ్నించింది. 2015లో అమెరికా కళాశాల క్రీడాకారులపై వచ్చిన అధ్యయనంలో, కంకషన్ తర్వాతి ఏడాదిలో కాలి గాయాల అవకాశం అంతకుముందుకంటే 1.97 రెట్లుగా నమోదైంది.

దుడుకుగా ఆడేవారికి తలకూ కాలికీ దెబ్బలు ఎక్కువగా తగలడం సహజమే కదా అన్న ఆక్షేపణ సమంజసమైనదే. అందుకే స్వీడన్ పరిశోధకులు ముందు ఏడాది గాయాల సంఖ్యను లెక్కలోకి తీసుకుని మళ్లీ గణించారు. ప్రమాదం 1.47 రెట్లకు తగ్గింది కానీ తొలగిపోలేదు. మెదడు నుంచి కండరాలకు ఆదేశాలు అందడంలో సూక్ష్మమైన జాప్యమే కారణమన్నది ప్రధాన ప్రతిపాదన. విశ్రాంతి కాలంలో తగ్గే కండర పటుత్వాన్ని కూడా కొందరు సూచించారు. వీటిలో దేని పాలు ఎంతన్నది ఇంకా తేలలేదు.

5. ముగింపు

మార్ట్‌లండ్ చూసిన పాదమూ, 1966 నిర్వచనంలోని సమతుల్యతా ఆధారాలుగా ముందునుంచీ అందుబాటులోనే ఉన్నాయి. లక్షణాలు తగ్గడమే కోలుకోవడమన్న నమ్మకం వాటిని ఒకచోట చేర్చి చదవనివ్వలేదు. ఒక నిర్వచనం రోగాన్ని గుర్తించడంతో ఆగదు. రోగిని ఎంతకాలం గమనించాలో కూడా అదే నిర్ణయిస్తుంది. ‘తాత్కాలికం’ అన్న మాటను నమ్మి మైదానంలోకి తిరిగి వచ్చిన ఆటగాళ్లు, దాని మూల్యాన్ని తమ మోకాళ్లతోనూ చీలమండలతోనూ చెల్లించి ఉండవచ్చు.