వెలికి గడువు: అంతర్జాల క్రీడల శిక్షాస్మృతి

జూదంలో ఓడిన పాండవుల అరణ్యవాసానికి సైతం ఒక గడువుంది. పన్నెండేళ్ల వనవాసం, ఒక యేడు అజ్ఞాతవాసం. లెక్క తీరితే తిరిగి రావచ్చు. శిక్ష ఎంత కఠినమైనదైనా దానికొక ముగింపుండాలన్న భావన మనకు అంత పాతది. అంతర్జాల క్రీడాలోకం ఆ భావనను మొదట పాటించి, నడుమ విడిచిపెట్టి, తిరిగి కొంత దగ్గరికి చేరింది. ఈ ప్రయాణమంతా ఇరవయ్యేళ్లలోపే జరిగింది.

కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆటలో, గోడ వెనుకనున్న ప్రత్యర్థిని చూపించే, గురి తప్పనివ్వని దొంగ ప్రోగ్రాములు ప్రబలాయి. వాటిని పట్టుకొనేందుకు వాల్వ్ సంస్థ 2002లో వ్యాక్ అనే కాపలా వ్యవస్థను నెలకొల్పింది. తొలినాళ్లలో పట్టుబడినవారికి పడిన శిక్ష 24 గంటల నిషేధం మాత్రమే. అది క్రమంగా ఏడాదికి, ఆపైన ఐదేళ్లకు పెరిగింది. 2005లో రెండవ వ్యాక్ వచ్చాక కొత్త నిషేధాలన్నీ శాశ్వతమయ్యాయి. ఆ ఖాతాతో వ్యాక్ కాపలా ఉన్న సర్వర్లలో ఆ ఆట ఇక ఆడలేరు. ఖాతా పుటమీద ఆ మచ్చ అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఎంత మొరపెట్టుకున్నా తగ్గింపు లేదు.

తీర్పు చెప్పేది యంత్రమైనప్పుడు అది పొరబడితే గతేమిటి? 2010 జూలైలో అదే జరిగింది. కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 ఆడుతున్న సుమారు 12,000 మంది ఏ తప్పూ చేయకుండానే వెలికి గురయ్యారు. స్టీమ్ తనంతట తాను మార్చుకున్న ఒక ఫైలును వ్యాక్ మోసంగా పొరబడింది. వాల్వ్ నిషేధాలను ఎత్తివేసి, క్షమాపణగా మరొక ఆటను ఉచితంగా ఇచ్చింది. అంతమంది ఒక్కసారే గగ్గోలు పెట్టబట్టి తప్పు బయటపడింది. ఒంటరిగా అరిచే అమాయకుడి మాట వినేదెవరు?

యంత్రం వేసే వెలి అలా ఉంటే, తోటివారు వేసే వెలి మరొక తీరు. 2012లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్‌లో జట్టుకు ఐదుగురుండేవారు. మిగిలినవారు ఓటు వేసి ఒకరిని గెంటివేసే వీలుండేది. పదేపదే గెంటివేతకు గురైనవారు పోటీ ఆటలకు దూరంగా ఉండవలసి వచ్చేది: మొదట 30 నిమిషాలు, తరువాత 2 గంటలు, 24 గంటలు, చివరికి 7 రోజులు. అయితే ఓటును ఆయుధంగా వాడే ముఠాలనూ నిర్మాతలు మరువలేదు. తోటివారిని అతిగా గెంటినవారికీ అదే శిక్ష విధించారు. నింద మోపేవారికీ బాధ్యత ఉండాలన్నది ఇక్కడి నీతి.

2013లో మరొక అడుగు పడింది. అనుభవజ్ఞులైన ఆటగాళ్లే పంచాయతీ పెద్దలై, నిందితుని పేరు తెలియకుండా ఆట దృశ్యాలను చూసి, సందేహానికి తావులేదనుకుంటేనే దోషిగా తేల్చే ఏర్పాటు ఓవర్‌వాచ్ పేరుతో వచ్చింది.

ఇక 2021లో వాల్వ్ తన పోటీల నియమాన్ని సడలించింది. పాత వ్యాక్ నిషేధానికి ఐదేళ్లు నిండితే, అది ఆ ఆటగాడు సంస్థ పోటీల్లో తొలిసారి పాల్గొనక ముందటిదైతే, ఇక పోటీకి అడ్డుకాదు. ఖాతామీది నిషేధం మాత్రం చెరగదు.

పదిహేనేళ్ల వయసులో చేసిన దొంగాటకు పాతికేళ్లవాడు ఇంకా జవాబు చెప్పుకోవాలా? మోసపోయి ఓడినవారి బాధ చిన్నది కాదు, శిక్ష ఉండవలసిందే. కానీ తిరిగివచ్చే దారి మూసివేసిన శిక్ష మనిషిని దిద్దలేదు, దూరం చేయగలదంతే.