తేదీలున్న జ్ఞాపకం: ‘అమెరికన్ గ్రాఫిటీ’పై జేమ్సన్ తీర్పు, పునఃపరిశీలన

అమెరికన్ నాస్టాల్జియా సినిమా గురించి రాసేవాళ్లు ఫ్రెడ్రిక్ జేమ్సన్ దగ్గర మొదలుపెడతారు. చాలామంది అక్కడే ఆగుతారు. 1982 ప్రసంగం ఆధారంగా 1983లో అచ్చయిన వ్యాసంలోనూ, 1984లో ‘న్యూ లెఫ్ట్ రివ్యూ’ వ్యాసంలోనూ, 1991 నాటి గ్రంథంలోనూ ఆయన వాదం ఒకటే. జార్జ్ లూకాస్ తీసిన ‘అమెరికన్ గ్రాఫిటీ’ (1973) ఈ కోవకు తొలి సినిమా అనీ, ఐసెన్‌హోవర్ కాలపు అమెరికాను మళ్లీ చేజిక్కించుకోవాలని తాపత్రయపడి ఆ కాలపు పైమెరుగుల దగ్గరే ఆగిపోయిందనీ ఆయన తేల్చాడు. ఫ్రెడ్ డేవిస్ (1979), స్వెత్లానా బోయిమ్ (2001) గతమోహాన్ని ఇంత చులకనగా చూడలేదు. అయినా ఈ ఒక్క సినిమా విషయంలో జేమ్సన్ మాటే వేదవాక్కయింది. ఆ తీర్పు సినిమాను సరిగా చూడకుండా ఇచ్చినదని నా వాదన.

తేదీ తగాదా

కథ జరిగేది 1962 వేసవి చివర, ఒకే రాత్రి. ఐసెన్‌హోవర్ 1961 జనవరి 20న పదవి దిగిపోయాడు. అప్పుడు శ్వేతసౌధంలో ఉన్నది కెన్నెడీ. క్యూబా క్షిపణి సంక్షోభం అక్టోబరులో రాబోతోంది. యాభైల సంస్కృతి కెన్నెడీ హత్య దాకా సాగిందని సర్దిచెప్పేవారు ఉన్నారు గాని, జేమ్సన్ వాక్యంలో ఆ సర్దుబాటు కనిపించదు. సినిమాకు చరిత్రస్పృహ లేదని తప్పుపట్టిన పండితుడే దాని సంవత్సరాన్ని పట్టించుకోకపోవడం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

లూకాస్‌కు 1962 ఏదో ఒక సంవత్సరం కాదు. ఆయన 1944లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో పుట్టాడు. 1962 జూన్‌లో, హైస్కూలు ముగిసే రోజుల్లో, ఆయన నడుపుతున్న చిన్న కారు ప్రమాదానికి గురై చెట్టును గుద్దుకుంది. సీటు బెల్టు తెగి బయట పడబట్టి ప్రాణం దక్కింది. కార్ల పందేల మీద పెట్టుకున్న ఆశ అంతటితో పోయింది. సినిమాకు ఆయన ఎంచుకున్న ఊరు అదే, ఏడాది అదే.

మిల్నర్ సాక్ష్యం

జాన్ మిల్నర్ పాత్రను జేమ్సన్ అనుయాయులు దువ్విన జుట్టుగా, పసుపుపచ్చ 1932 ఫోర్డ్ కారుగా మాత్రమే చూశారు. అతను మాట్లాడేది వినలేదు. రేడియోలో బీచ్ బాయ్స్ పాట రాగానే అతను దాన్ని కట్టేస్తాడు. బడ్డీ హాలీ పోయినప్పటి నుంచి రాక్ అండ్ రోల్ పతనమవుతూనే ఉందంటాడు. హాలీ 1959 ఫిబ్రవరి 3న విమాన ప్రమాదంలో చనిపోయాడు. అంటే 1973 ప్రేక్షకుడు ఏ కాలం కోసం బెంగపడుతున్నాడో, ఆ కాలంలోనే ఒక కుర్రాడు అంతకు మూడేళ్ల ముందటి దాని కోసం బెంగపడుతున్నాడు. కార్లు తిరిగే వీధి ఏటేటా కుదించుకుపోతోందని కూడా అతనే వాపోతాడు. తర్వాత తుక్కు కార్ల దొడ్లో నడుస్తూ, ఆ కార్లలో ఎవరెవరు ఎలా చచ్చిపోయారో పక్కనున్న చిన్నపిల్లకు చెబుతాడు. గతమోహాన్ని ఒక పాత్రకు అంటగట్టి, ఆ పాత్రను తుక్కు కార్ల మధ్య నడిపించిన దర్శకుడు పైమెరుగులకు లొంగిపోయాడని ఎలా అంటాం?

చివరి అక్షరాలు

అసలు ఆధారం సినిమా ముగిసే చోట ఉంది. తెల్లవారాక, కథలోని నలుగురు కుర్రాళ్లలో ఒకడైన కర్ట్ విమానం ఎక్కుతాడు. తెర మీద ఆ నలుగురి ఫోటోలు, వాటి కింద వాళ్ల గతి. మిల్నర్ 1964 డిసెంబరులో తాగి కారు నడిపినవాడి చేతిలో పోయాడు. టెర్రీ 1965 డిసెంబరులో వియత్నాంలోని ఆన్ లాక్ దగ్గర ఆచూకీ లేకుండా పోయాడు. స్టీవ్ మొడెస్టోలోనే ఇన్సూరెన్స్ ఏజెంటు. కర్ట్ రచయిత, కెనడాలో ఉంటున్నాడు. ఆనాటి ప్రేక్షకుడికి కెనడా అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. సైన్యంలో నిర్బంధ చేరికను తప్పించుకున్న కుర్రాళ్లు వెళ్లింది అక్కడికే. వాళ్లకు కార్టర్ క్షమాభిక్ష 1977 జనవరిలో గాని రాలేదు.

ఆన్ లాక్ పేరు ఎక్కడిది? ఆ పట్టణం ముట్టడి 1972 ఏప్రిల్ నుంచి జులై దాకా సాగింది. ఈ సినిమా షూటింగు జరిగింది కూడా ఆ వేసవిలోనే. అప్పటి పత్రికల్లోని యుద్ధభూమి పేరును తెచ్చి 1965 నాటి కుర్రాడి గతికి తగిలించినట్టుంది. దానికి తోడు, చివరి పేర్ల మీద వినిపించే బీచ్ బాయ్స్ పాట 1964 నాటిది. 1962 కథలో అది పొరపాటున దూరిందని అనుకోలేం. మిల్నర్ అసహ్యించుకున్న సంగీతాన్ని, అతను పోయిన ఏడాది పాటనే, అతని చావుకబురు తర్వాత వినిపించారు. ఆ నలుగురిలో ఒక్క ఆడపిల్ల గతీ లేదని సినీ విమర్శకురాలు పౌలీన్ కేల్ అప్పుడే ఎత్తిచూపింది, అది న్యాయమైన మాటే.

సినిమా విడుదల 1973 ఆగస్టు. అక్టోబరులో అరబ్బు దేశాల చమురు నిషేధం వచ్చిపడింది. 1974 జనవరిలో నిక్సన్ గంటకు 55 మైళ్ల వేగపరిమితి మీద సంతకం పెట్టాడు. రాత్రంతా పనిలేకుండా తిరిగే కార్లను, ఆ నెలల్లో బంకు ముందు వరసలో నిలబడి వచ్చిన ప్రేక్షకుడు చూశాడు. అతను చూసినది యాభైల స్వర్గం కాదు, వియత్నాం యుద్ధానికి ముందరి చివరి పెట్రోలు.

మిగతా కథలు

గతమోహం వెనక వియత్నాం ఉందన్న ఈ సూత్రం ఒక్క సినిమాతో ఆగదు. 1988లో మొదలైన ‘వండర్ ఇయర్స్’ కథాకాలం 1968. దాని తొలి ఎపిసోడ్‌లోనే పక్కింటి అమ్మాయి అన్న వియత్నాంలో చనిపోయిన కబురు వస్తుంది. ఏబీసీలో 1974 జనవరి 15న మొదలైన ‘హ్యాపీ డేస్’లో యుద్ధం ఊసే లేదనేది పైకి కనిపించే మాట. కాని అందులోని కనింగ్‌హామ్ దంపతుల పెద్దకొడుకు చక్ రెండో సీజన్ తర్వాత కారణం చెప్పకుండానే మాయమవుతాడు. ఫాంజీ పాత్ర పెరగడంతో చక్‌తో పని లేకపోయిందన్నది మామూలు వివరణ. అయినా ఎందరో కొడుకులు తిరిగిరాని ఆ ఏళ్లలో, పెద్దకొడుకు ఖాళీని ఎవరూ అడగని కుటుంబాన్ని అమెరికా వారం వారం నవ్వుతూ చూసింది. దీన్ని కాకతాళీయమని తోసేయడానికి నాకు మనసొప్పదు. అమెరికన్ గతమోహమంతా వియత్నాం దుఃఖానికి మరో రూపమేనన్నది ఈ వ్యాసం నిర్ణయం.

ఈ నిర్ణయాన్ని పరీక్షించే సాక్షులు మనలోనే ఉన్నారు. 1965 అక్టోబరు వలస చట్టం తెరిచిన దారిలో వెళ్లిన తొలితరం తెలుగు వైద్యులకు, ఇంజనీర్లకు 1962 నాటి అమెరికా స్వానుభవం కాదు. ఈ సినిమాలు, సీరియళ్లు వచ్చిన నాటికి వాళ్లలో చాలామంది అక్కడ ఉన్నారు. ఆ తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. తమది కాని గతం మీద వాళ్లకు బెంగ కలిగిందా, కలిగితే దేని మీద అన్నది వాళ్ల నోటనే విని రికార్డు చేయవలసిన పని మన పరిశోధక విద్యార్థులది. అది ఆలస్యం చేయదగ్గ పని కాదు.