పన్నెండు ఫోటోల కెమెరా

ఆగ్ఫా అంటే మన పెద్దవాళ్ళకు కెమెరా పేరు. నిజానికి అది రంగుల కంపెనీ. 1867లో జర్మనీలోని బెర్లిన్ దగ్గర బట్టల అద్దకానికి వాడే అనిలిన్ రంగులు తయారు చేయడానికి దాన్ని పెట్టారు. 'అనిలిన్ తయారీ వాటాల కంపెనీ' అని అర్థమొచ్చే పొడుగాటి జర్మన్ పేరులోని అక్షరాలు కలిపితే ఆగ్ఫా అయింది. రంగుల నుంచి ఫోటో రసాయనాలకు, ఆ తర్వాత ఫిల్ముకు, 1920లలో మ్యూనిచ్ నగరంలో కెమెరాల తయారీకి ఆ కంపెనీ వచ్చింది.

ఆ రోజుల్లో కెమెరా కొనడం మామూలు జనానికి కష్టం. 1932లో ఆగ్ఫా ఒక తమాషా పని చేసింది. జర్మనీ నాణెం మీద అది ఏ టంకశాలలో తయారైందో తెలిపే అక్షరం ఒకటి ఉంటుంది. ఎ, జి, ఎఫ్, ఎ అక్షరాలున్న నాలుగు ఒక మార్కు నాణేలు తెచ్చిన వాళ్ళకు ఒక బాక్స్ కెమెరా ఇచ్చింది. అంటే నాలుగు మార్కులకే కెమెరా!

కానీ ఆ పేరుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో డాచౌ నిర్బంధ శిబిరం కింద సుమారు 500 మంది ఖైదీ స్త్రీలతో మ్యూనిచ్‌లోని ఆగ్ఫా కెమెరా ఫ్యాక్టరీలో బాంబుల భాగాలు చేయించారు. వాళ్ళలో చాలామంది హాలండ్ దేశం వాళ్ళు. తిండి తగ్గించి పని పెంచితే 1945 జనవరిలో వాళ్ళు సమ్మె చేశారు. ఖైదీలై ఉండి కూడా సమ్మె చేశారంటే ఎంత ధైర్యం!

యుద్ధం తర్వాత 1958లో 'క్లిక్' వరస కెమెరాలు మొదలయ్యాయి. మన దేశంలో క్లిక్-3ను బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారు చేసింది. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. 120 రకం ఫిల్ము రోలు వేస్తే 6 సెంటీమీటర్ల చదరం ఫోటోలు పన్నెండు వస్తాయి, అంతే. వెనకాల చిన్న ఎర్ర కిటికీలో నంబరు చూసుకుంటూ ఫిల్ము తిప్పుకోవాలి.

మన రాయచూరు జిల్లాకు ఈ కెమెరాతో పనేమిటి అంటారా? 1953లో తుంగభద్ర డ్యామ్ నుంచి నీళ్ళు వదిలాక, కాలువ నీళ్ళను నమ్ముకుని ఆంధ్ర నుంచి చాలా కుటుంబాలు సింధనూరు, మాన్వి వైపు వచ్చి పొలాలు చేసుకున్నాయి. వాళ్ళు ఉన్న ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటాం. 1956లో ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇది పాఠంలో ఉంది. క్యాంపుల సంగతి పాఠంలో లేదు. అది మన ఇళ్ళల్లోని ట్రంకుపెట్టెల్లో ఉంది.

మా తాతయ్యకు ఒక క్లిక్-3 ఉండేది. దానితో తీసినవి ఇప్పుడు మా ఇంట్లో 31 ఫోటోలు మిగిలాయి. నేను వాటిని లెక్కపెట్టి చూశాను. ఎద్దులు, కొత్త ట్రాక్టరు, వరి కుప్పలు కలిపి 14. పెళ్ళిళ్ళు, పండగలు 11. పిల్లలవి 6. తాతయ్య ఒక్కదాంట్లోనూ లేడు, ఎందుకంటే తీసింది ఆయనే. నాయనమ్మను అడిగాను, "పొలం చదును చేసిన కూలీలు ఏరీ?" అని. "పన్నెండే వచ్చేవిరా, వాళ్ళకెవరు తీస్తారు?" అంది. కాసేపాగి, ఒక కుప్ప ఫోటోలో మూలన సగం కనబడే మనిషిని చూపించి ఆయన పేరు చెప్పింది. వాళ్ళది ఈ పక్క ఊరే, కన్నడం మాట్లాడేవాళ్ళట. మా నాయనమ్మకు కన్నడం నేర్పింది ఆయన భార్యేనట.

ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఫోటో ఉన్నా, చెప్పే మనిషి లేకపోతే అది ఉత్త అట్టముక్క. అందుకే 31 ఫోటోల వెనకా నాయనమ్మ చెప్పిన పేర్లు, ఊరు రాశాను. సిరా పెన్నుతో రాస్తే ముందుకు దిగుతుంది, మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. మిత్రులారా, మీ ఇంట్లోనూ పాత ఫోటోలు ఉంటే ఈ సెలవుల్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని అడిగి రాయండి. ఫోటో మధ్యలో ఉన్నవాళ్ళ పేర్లే కాదు, మూలన ఉన్నవాళ్ళవి కూడా.