తవుడు గేదెకు, తెలుపు మనకు

ఇంట్లో చేసుకోవలసిన పని మానేసి, సిద్ధంగా ఉన్న సరుకు బజార్లో కొనుక్కునే అలవాటు మనకు ఎప్పుడు వచ్చిందీ అని అడిగితే, చాలామంది నూడుల్సు పొట్లం వైపు చూపిస్తారు. అది మన దేశంలోకి వచ్చింది 1983లో. ఇంకా పెద్దవాళ్ళయితే డబ్బాపాలు, బిస్కట్లు అంటారు. నన్నడిగితే మాత్రం, మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఆడవాళ్ళ చేతికి మొట్టమొదట అందిన సిద్ధం సరుకు మరపట్టిన తెల్లబియ్యం. నవ్వకండి. చేత్తో చేసే పని యంత్రం చేసింది, సరుకు చూడ్డానికి అందంగా ఉంది, నిలవ ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది. పొట్లం సరుకులకి మనం చెప్పుకునే గుణాలు ఇవే కదూ! ఆ తెలుపుకి మన అమ్మమ్మలూ, వాళ్ళ అమ్మలూ ఎంత ఖరీదు చెల్లించారో చెప్పాలనే ఇవాళ్టి ప్రయత్నం.

మర రాకముందు బియ్యం అంటే దంపుడు బియ్యమే. రోట్లో వడ్లు పోసి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేస్తే ఊక ఊడి ముడిబియ్యం వస్తాయి. మళ్ళీ దంచి చేటతో చెరిగితే పైనున్న తవుడు కొంత పోతుంది, కొంత గింజనంటుకునే ఉండిపోతుంది. ఎంత దంచినా పూర్తిగా పోదు, ఎందుకంటే దంచే మనిషికి ఓపిక అయిపోతుంది! ఆ అంటుకుని మిగిలిన పిసరులోనే ఉంది ఈ కథంతా. కలిగినవాళ్ళ ఇళ్ళకి కూలికి దంచే స్త్రీలు వచ్చేవారు. నూకలో, తవుడో, నాలుగు గిద్దల బియ్యమో వాళ్ళ కూలి. దంపుళ్ళ పాటలు ఎంతో బాగుంటాయని ఇప్పుడు మనం కుర్చీల్లో కూర్చుని అంటాం కానీ, పాట పాడేది అలుపు తెలియకుండా ఉండడానికి. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను అనను.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో కోస్తా పొడుగునా బియ్యపు మరలు వెలిశాయి. తరువాత చిన్న హల్లరు మిల్లులు పల్లెలకూ పాకాయి. బుట్టెడు వడ్లు తీసుకెళితే, దంపుడుకి పూట పట్టే పని కాస్సేపట్లో అయిపోయింది. మర పట్టగా పట్టగా గింజ మీద తవుడు బొత్తిగా లేకుండా పోయింది. అది వ్యాపారికీ మంచిదే అయింది. తవుడులో నూనె ఉంటుంది గనుక దంపుడు బియ్యం నాలుగు రోజులు నిలవుంటే ముక్కవాసన వేస్తాయి, పురుగు పడుతుంది. తెల్లబియ్యానికి ఆ బాధ తక్కువ. ఇక మనకా? మల్లెపువ్వులాంటి అన్నం విస్తట్లో వడ్డిస్తే ఇంటికి గౌరవం. తవుడు గేదె కుడితి తొట్టిలోకి వెళ్ళింది.

బెరిబెరి అనే జబ్బు ఉంది. కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, నడక పట్టు తప్పుతుంది. కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి, గుండె అలిసిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారు జిల్లాలు ఈ జబ్బుకి పేరుపడ్డ చోటు. మరలు రాకముందు లేదని కాదు. 1835లోనే మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో బెరిబెరి మీద పుస్తకం ప్రకటించాడు. ఇక్కడి సిపాయీల్లో ఆ జబ్బు ఎలా కనబడుతోందో అందులో వ్రాశాడు. ఒకే రకం బియ్యం, పక్కన అంతంతమాత్రం ఆధరువు ఉన్నచోట అది అప్పుడే ఉంది. మరలు చేసిన పని ఏమిటంటే, బారకాసుల్లోని జబ్బును సంసారుల వంటింట్లోకి తీసుకురావడం.

దీనికి కారణం కనిపెట్టింది కోళ్ళు. జావా అని ఒక చోటు ఉంది, మన చోడి జావ కాదు లెండి, అప్పట్లో డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉన్న ద్వీపం. అక్కడ 1890 ప్రాంతంలో ఐక్‌మన్ అనే డాక్టరు ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం కోళ్ళకి వేయించేవాడు. కోళ్ళకి కాళ్ళు పడిపోయాయి. ఇంతలో వంటవాడు మారాడు. ఆ కొత్తవాడు, సైన్యం బియ్యం సివిలు కోళ్ళకి పెట్టడమేమిటని అభ్యంతరం చెప్పి, ముడిబియ్యం వేశాడు. కోళ్ళు లేచి తిరిగాయి. ఆ వంటవాడి పిసినారితనం గాని, నియమబద్ధత గాని, ఏదైతేనేం, వైద్యశాస్త్రానికి పెద్ద మేలు చేసింది. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. వంటవాడికేమీ రాలేదు.

మన దేశంలో ఈ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో నీలగిరుల్లోని కూనూరులో, ఒకే ఒక గదిలో, మెకారిసన్ అనే ఆయన పరిశోధన మొదలుపెట్టాడు. దాని పేరే 'బెరిబెరి విచారణ'. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. పిల్లలకేం పెట్టాలి, గర్భిణికేం పెట్టాలి అని ఇవాళ దేశానికంతటికీ చెప్పే సంస్థ పుట్టుకకు కారణమైన జబ్బు మన వాకిట్లోదే.

1935 నుంచి ఆ సంస్థకు ఐక్రాయిడ్ అనే ఆయన అధిపతి. ఆయనా, సహచరులూ కలిసి 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద ఒక పుస్తకం వెలువరించారు. మరుసటి ఏడాది ఐక్రాయిడూ, కృష్ణన్ అనే ఆయనా, మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాల గురించే విడిగా ఒక వ్యాసం ప్రకటించారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు చికాకోలు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది గనుక, ఆ మాట మన రెండు జిల్లాలకూ వర్తిస్తుంది.

పసిపిల్లలకి బెరిబెరి ఏమిటి, వాళ్ళు అన్నం తినరు కదా అంటారేమో. అదే దారుణం. తల్లి తిన్న అన్నంలో లేనిది తల్లి పాలల్లోకి రాదు. బిడ్డ పుట్టినప్పుడు బొద్దుగానే ఉంటాడు, పాలు బాగానే తాగుతాడు. రెండో నెల దాటాక ఒకనాడు వాంతులు పట్టుకుంటాయి, ఎగరొప్పు వస్తుంది. ఏడుస్తున్నట్టు నోరు తెరుస్తాడు, గొంతు మాత్రం రాదు. కొన్ని గంటల్లో ప్రాణం పోవచ్చు. దిష్టి తగిలిందనో, బాలగ్రహమనో తాయెత్తు కట్టించేవాళ్ళు. తాయెత్తు కట్టినవాళ్ళని నేను తప్పు పట్టను. నిన్నటిదాకా ఆడుకున్న బిడ్డ ఇవాళ అలా అయిపోతే ఏ తల్లి మాత్రం ఏమనుకుంటుంది?

దీనికి తోడు మన బాలింత పథ్యం. పప్పు పెడితే వాతం, కూర పెడితే బిడ్డకి విరేచనం, చోడి వేడి, ఉలవలు అసలే వద్దు. మిగిలింది ఏమిటీ? తెల్లటి అన్నం, కారప్పొడి, నెయ్యి. పైగా బియ్యం నాలుగైదుసార్లు కడిగి, అన్నం వార్చి, గంజి పారబోసేవారు. బెరిబెరి రాకుండా కాపాడే పదార్థం థయమిన్, అంటే బి1 విటమిన్. అది నీళ్ళలో కరిగిపోతుంది. మర కాజేయగా మిగిలింది కడుగునీళ్ళలో పోయింది. కడుగునీళ్ళు వదిలింది గంజిలో పోయింది. గంజి తాగిన ఇంటికి కాస్త దక్కింది. గంజితో చీరలు బిగించుకున్న ఇంటికి చీరలు దక్కాయి! ఇందులో విచిత్రమేమిటంటే, లేనివాళ్ళ ఇంట్లో బాలింతకి గంజీ, నూకల జావా దొరికేవి. ప్రేమగా, జాగ్రత్తగా పథ్యం పెట్టిన ఇంట్లోనే ఆ పదార్థం కరువైంది.

ఆ థయమిన్‌ని మొదటిసారి ప్రయోగశాలలో తయారుచేసినవాడు ఎవరో తెలుసా? నెల్లూరులో పుట్టినవాడు. రాబర్ట్ విలియమ్స్ అని, మిషనరీ దంపతుల బిడ్డ, 1886లో పుట్టాడు. ఫిలిప్పీన్సులో ఉద్యోగం చేస్తున్నప్పుడు, తవుడుని కషాయంలా తీసి పోస్తే కొనవూపిరితో ఉన్న పసికందులు తేరుకోవడం చూశాడు. ఆ తవుడులో ఉన్నదేమిటో తేల్చడానికి పాతికేళ్ళు పట్టింది. 1936లో సాధించాడు. మనం గేదెకి పెట్టినదాన్నే సీసాలోకి ఎక్కించాడు, అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. పోషకాహార సంస్థవారి పాత పట్టికల ప్రకారం వంద గ్రాముల మరబియ్యంలో థయమిన్ 0.06 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యంలో 0.21. వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టి పట్టించిన ఉప్పుడు బియ్యంలోనూ అంతే, ఎందుకంటే ఉడికేటప్పుడు తవుడులోని సారం గింజలోకి దిగుతుంది. ఉప్పుడు బియ్యం తినే తమిళనాట ఈ జబ్బు అంతగా లేకపోవడానికి కారణం అదే. మన సర్కారు జిల్లాల్లో ఎక్కువగా వాడింది పచ్చిబియ్యం. ఇక చోళ్ళలో ఎంతనుకున్నారు? 0.42. ఉలవల్లోనూ 0.42. తవుడులో 2.70. చోళ్ళలో కాల్షియం 344 మిల్లీగ్రాములు, మరబియ్యంలో 10. అంటే మెట్ట పొలానికి పొద్దున్నే చోడి అంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుని వెళ్ళిన కూలిమనిషి తిండి, ఈ విషయంలో, మేడలో వార్చిన మల్లెపువ్వు అన్నం కంటే మెరుగు. మనం ఆ మనిషిని 'అంబలి తాగేవాళ్ళు' అని చిన్నచూపు చూశాం.

మరలను అదుపు చేయాలని ప్రయత్నాలు జరక్కపోలేదు. 1934లో గాంధీగారి ప్రోత్సాహంతో కుమారప్పగారు నడిపిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యానికి గట్టిగా ప్రచారం చేసింది. 1958లో బియ్యపు మిల్లుల నియంత్రణకు పార్లమెంటు చట్టమూ చేసింది. చట్టాలు రోకలి పట్టవు కదా! ఇంతలో యుద్ధం. 1942 మార్చిలో రంగూను జపానువాళ్ళ వశమైంది. మన జిల్లాల నుంచి పొట్టచేతబట్టుకుని వెళ్ళినవాళ్ళు నడుచుకుంటూ వెనక్కి వచ్చారు, బర్మా బియ్యం మాత్రం రాలేదు. రేషను వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో పప్పు, కూర, వైద్యం కాస్త కాస్త అందుబాటులోకి రావడంతో బెరిబెరి తగ్గుముఖం పట్టింది. తెల్లబియ్యం మీద మోజు మాత్రం తగ్గలేదు.

1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది, కుటుంబానికి నెలకు 25 కిలోల దాకా. రెండుపూటలా వరి అన్నం ఎరగని ఇళ్ళకి అన్నం వచ్చింది. దాన్ని కించపరిచే మాట నేను అనను, ఆకలి తెలిసినవాళ్ళెవరూ అనరు. కానీ దానితోపాటు చోడి, గంటి, సామ వెనక్కి జరిగాయి. తక్కువ ధర బియ్యం ఇంట్లో ఉండగా తిరగలి తిప్పేదెవరు? విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం మాత్రం చోడిని వదిలిపెట్టలేదు. చంపావతి ఏటి పేరుతోనే ఒక రకం విడుదల చేసింది.

ఇప్పుడు చక్రం తిరిగింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. అదే ఏడాది మార్చిలో మన ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు రాగి జావ ప్రవేశపెట్టారు. ఇది మంచిదే. బజార్లో చూస్తే, అంబలి తాగేవాళ్ళ చోడి రంగుల డబ్బాలో, చాక్లెట్టు వాసనతో, పంచదారతో, తళతళలాడుతూ కూర్చుంది. డబ్బా మీద బరువూ ధరా చూసి, కిలోకి ఎంత పడుతోందో లెక్క కట్టండి. పక్క కొట్లో విడి చోళ్ళ ధర అడగండి. ఆ మధ్య తేడాలో చోడి ఎంత, డబ్బా ఎంత అన్నది మీరే చూసుకోవచ్చు. ఈసారి కూడా మనం కొంటున్నది ఒకరి శ్రమే. రోకలి శ్రమ నిజంగా నడుములు విరిచేది. చోళ్ళు మొలకెత్తించే శ్రమ అంతటిది కాదు.

కిలో చోళ్ళు రాళ్ళు లేకుండా గాలించి, ఒక పూట నానబెట్టండి. నీళ్ళు వంచి తడిగుడ్డలో మూట కట్టి ఉంచితే, మరునాటికో ఆ మరునాటికో తెల్లటి మొలకలు వస్తాయి. నీడపట్టున ఆరబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పిండిమరలో పట్టించండి. మొలకెత్తిన గింజ పిండి జావ కాస్తే ముద్ద కట్టదు, పలచగా జారుతుంది. అందుకని చంటిపిల్లలకి అదే నీళ్ళలో ఎక్కువ పిండి పట్టించవచ్చు. పెద్దవాళ్ళకయితే నూకలు ఉడికించి, రాత్రి నానేసిన చోడిపిండి అందులో పోసి కలియబెట్టి దించితే అంబలి. తెల్లారి మజ్జిగ, ఉప్పు, పచ్చిమిరపకాయ. అన్నానికి ఒంటిపట్టు బియ్యం కావాలని కొట్టువాణ్ణి అడగండి, నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. రెండుసార్లకు మించి కడగకండి, అన్నం వార్చకుండా ఎసరు సరిపెట్టి అత్తెసరు పెట్టండి. ఇంట్లో బాలింత ఉంటే ఆవిడ పళ్ళెంలో పప్పు ఉందో లేదో మొదట చూడండి. పెద్దవాళ్ళు వాతమని అంటే, పప్పుకట్టుతో చారు పెట్టి మొదలుపెట్టండి. చారుకి ఎవరూ అడ్డు చెప్పరు.