పాలనాశాస్త్రమూ, మన్యం చరిత్రా

నేను తెలుగు సాహిత్యం చదివినవాణ్ణి. ప్రభుత్వ పాలనాశాస్త్రంతో నాకు పరిచయం కలిగించినవాడు హుకుంపేట నుంచి వచ్చిన ఒక విద్యార్థి. బి.ఏ.లో నా దగ్గర తెలుగు చదివి, ఎం.ఏ.కు పాలనాశాస్త్రం తీసుకున్నాడు. ఇంగ్లీషు పాఠాలకు తెలుగు చెప్పించుకోవటానికి సెలవులలో మా ఇంటికి వచ్చేవాడు. ఒకనాడు పుస్తకం మూసి, "మాస్టారూ, ఇందులో మా ఏజెన్సీ ఎక్కడుందండీ?" అని అడిగాడు. చివర ‘గిరిజనాభివృద్ధి పాలన’ అని నాలుగు పేజీలున్నవి, చూపించాను. "ఇవి మాకిచ్చే పథకాలు కదండీ. మమ్మల్ని ఏలిన సంగతి ఏదీ?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. ఆ తరువాత ఆ పుస్తకాలు నేనూ చదవవలసి వచ్చింది.

పాఠ్యగ్రంథాలన్నీ ఈ శాస్త్రం పుట్టుకను 1887లో ఉడ్రో విల్సన్ రాసిన వ్యాసంతో మొదలుపెడతాయి. తరువాత అమెరికా అధ్యక్షుడైన విల్సనే ఈయన. రాజకీయం వేరు, పాలన వేరు అని ఆయన వాదన. నిరంకుశ ప్రభుత్వాల నుంచి కూడా పాలనా పద్ధతులు నేర్చుకోవచ్చునంటూ ఒక పోలిక తెచ్చాడు: హంతకుడు కత్తిని నేర్పుగా నూరుతుంటే ఆ నూరే పద్ధతి మనం గ్రహించవచ్చు, వాడి హత్యా సంకల్పం మనకు అంటుకోనక్కరలేదట. పోలిక చమత్కారంగానే ఉన్నది. కాని అందులో కత్తి ఉన్నది, నూరేవాడున్నాడు, చూసి నేర్చుకునేవాడున్నాడు. మెడ మాత్రం లేదు. మన దేశంలో ఈ శాస్త్రం స్థిరపడిన తీరులోనూ ఆ మెడకు చోటు దొరకలేదు. 1953లో పాల్ ఆపిల్‌బీ నివేదిక వచ్చింది. 1954లో ఢిల్లీలో భారత ప్రభుత్వ పాలనా సంస్థ వెలిసింది. అధికారికి పనికివచ్చే విద్యగానే దీనిని పెంచారు.

విశాఖ మన్యం ఆ కత్తిని విల్సన్‌కు దాదాపు అర్ధశతాబ్దం ముందే చూసింది. 1830 ప్రాంతాల గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ జమీందారీలలో తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచటానికి కంపెనీ ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను కమిషనరుగా పంపింది. ఆయన నివేదిక మీద 1839లో 24వ చట్టం వచ్చింది. కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, సివిలు, క్రిమినలు న్యాయాధికారాలను కలెక్టరు చేతిలో పెట్టారు. ఆయన గవర్నరుకు ఏజెంటు; ఆయన ఏలే చోటు ఏజెన్సీ. ఆనాటి నుంచి నేటిదాకా మన్యానికి ఆ ఉద్యోగి పేరే నిలిచిపోయింది. పన్ను వసూలు చేసేవాడే తీర్పు చెప్పేవాడు కూడా అయినచోట రాజకీయాన్నీ పాలననూ విడదీసే గీత ఎక్కడ గీయాలో విల్సన్ శిష్యులు చెప్పాలి. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం ఈ ప్రత్యేకతను మరింత గట్టిపరచింది.

ఏజెంటు కింద ముఠాదారులు, వారి కింద ఊళ్ళు. నా బోటి తెలుగు పంతులుకు ఇక్కడ కొన్ని మాటలు తగులుతాయి. రంప ప్రాంతంలో కల్లుగీత మీద మన్సబుదారు వేసిన పన్ను పేరు ‘చిగురుపన్ను’. మన ప్రబంధాలలో చిగురు వసంతానికీ కోయిలకూ చెందింది. మన్యంలో అది కూడా పద్దుకెక్కింది. ఆ పన్నూ, దాని మీద ప్రభుత్వం తెచ్చిన ఆబ్కారీ కట్టుబాట్లూ 1879 రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాలలో చేరాయి. తిరుగుబాటుకు అధికారులు పెట్టిన పేరు ‘ఫితూరీ’. జనం ఎందుకు లేచారో ఆ మాటలో ఉండదు. అలజడి అన్నంతవరకే ఉంటుంది. అర్జీ అని రాసి ఉంటే జవాబు ఇవ్వవలసి వచ్చేది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడును నేరం దాకా ఈడ్చింది.

తెల్లదొరలు గిరిజనులను కాపాడారనే వాదం ఒకటున్నది. దానికి సాక్ష్యంగా 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టాన్ని చూపుతారు. చట్టం మంచిదే: ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి ఇతరులకు పోరాదు, వడ్డీ ఏడాదికి నూటికి 24 మించరాదు, మొత్తం వడ్డీ అసలును దాటరాదు. కాని దానికి ముందు 1915–16లో లాగరాయి ఫితూరీ నడిచిందని మరవరాదు. ఇక చట్టం పుట్టిన అయిదేళ్ళకే గూడెంలో డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని తోలి సరైన కూలి ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడి జరిగింది. వడ్డీకి హద్దు కట్టిన ప్రభుత్వమే వెట్టికి హద్దు కట్టలేదు. మన అభ్యుదయ రచయితలు సీతారామరాజును పాడినన్నిసార్లు ఆ 1917 చట్టాన్ని చదివి ఉంటే బాగుండేది. ఈ మాట నన్ను కలుపుకునే అంటున్నాను.

తరువాతి సంగతి త్వరగా చెబుతాను. 1919 చట్టం మన్యాన్ని ‘వెనుకబడిన ప్రాంతం’ అన్నది. 1935 చట్టం ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతం’ అన్నది. 1950లో రాజ్యాంగం ఐదవ షెడ్యూలులో చేర్చింది. పేర్లు మారినవి గాని, ఏ చట్టం అక్కడ వర్తించాలో వర్తించకూడదో ప్రకటన ద్వారా చెప్పే అధికారం గవర్నరు దగ్గరే ఉన్నది. అదే అధికారంతో 1959 భూబదలాయింపు నిబంధన వచ్చింది. శ్రీకాకుళం పోరాటం సాగుతున్న 1970లో దానిని సవరించి గిరిజనేతరుల మధ్య కూడా బదలాయింపును నిషేధించారు. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటే ఇదే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమతా సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, ఆ నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని తీర్పు చెప్పింది. ఒక్క మాట అర్థం మీద కొండలు నిలబడిన సందర్భం నా సాహిత్య పాఠాలలో ఎక్కడా లేదు.

అయితే ఈ అధికారం రెండు వైపులా పదునున్నది. 2000లో గవర్నరు ఉత్తర్వుగా వచ్చిన మూడవ నంబరు జీవో, ఏజెన్సీ బడులలోని ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. ఇంటిలో ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లవాడికి ఆ భాష తెలిసిన పంతులు దొరకటం చిన్న విషయం కాదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిని కొట్టివేసింది. గవర్నరు అధికారం అంతదూరం పోదన్నది. తీర్పులోని న్యాయ తర్కం నా శక్తికి మించినది కాదు, దానితో ఏకీభవించటమే నా శక్తికి మించినది. పై నుంచి ఉత్తర్వుగా వచ్చినది పై నుంచే పోయింది. ఇచ్చేటప్పుడూ తీసేటప్పుడూ గ్రామసభ మాట లెక్కలోకి రాలేదు. 1996లో పార్లమెంటు పెసా చట్టం చేసినా రాష్ట్రంలో దాని నిబంధనలు 2011 దాకా రాలేదు మరి.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. హుకుంపేట అందులోనిదే. ఏ ప్రభుత్వం మీద ఆయన విల్లెత్తాడో దాని కలెక్టరు పదవికి వారసుడైన అధికారి కచేరీ బోర్డు మీద ఇప్పుడు ఆయన పేరుంటుంది.

మా విద్యార్థి ఉపాధ్యాయ ఉద్యోగం మీద ఆశతో చదివినవాడు. ఇప్పుడు మూడవ నంబరు జీవో మీదనే పరిశోధన వ్యాసం రాస్తున్నాడు. మొన్న మొదటి అధ్యాయం తెచ్చాడు. 1839తో మొదలుపెట్టి విల్సన్‌ను రెండవ అధ్యాయంలోకి జరిపాడు. ‘ముఠాదారు’ అన్న మాటకు ఇంగ్లీషులో ఏమి రాయాలని అడిగాడు. ముఠాదారు అనే రాయమన్నాను.